ఆస్కార్ బార్నాక్ : చిన్న కెమెరాకు జన్మమిచ్చిన పనివాడు

లోకమునకు ఉపకరించు యంత్రములను నిర్మించినవారిలో కొందరు బలము కలిమిచేత నిర్మించిరి; మరికొందరు బలము లేమిచేత నిర్మించిరి. ఈ రెండవ తెగకు చెందిన ఒకానొక పనివాని చరిత్రమును మా చదువరులకు వినిపింపదలచితిమి. ఆయన పేరు ఆస్కార్ బార్నాక్. జేబులో ఇమిడెడు ఫిల్ము కెమెరాకు తండ్రియని ఛాయాచిత్రకారులు నేటికిని ఆయనను స్మరించుచున్నారు.

ఈ చరిత్రమును ఇప్పుడు చెప్పుటకు కారణమొకటి కలదు. నేడు ఫోటో తీయు ఫోను లేని యిల్లు అరుదు. అయినను మన విద్యార్థులలో కొందరికి పాత ఫిల్ము కెమెరాలమీద మనసుపోవుచున్నది. దూరమును కొలుచు రేంజ్‌ఫైండరును, వెలుతురును కొలుచు లైట్ మీటరును తనలోనే కలిగియుండి, వెల మితముగా నుండు కెమెరా యేదియని వారు అడుగుచున్నారు. ఇట్టి కోరికకు డబ్బు వెచ్చింపవచ్చునా యని తలిదండ్రులు సందేహించుచున్నారు. ఈ రెండు ప్రశ్నలకును బార్నాక్ జీవితము కొంతవరకు సమాధానము చెప్పగలదని మా నమ్మకము. ఒక సాధనము ఎవరి యవసరమునకై పుట్టినదో తెలిసికొన్నవాడే, అది తనకు అవసరమో కాదో నిర్ణయింపగలడు.

బార్నాక్ 1879వ సంవత్సరము నవంబరు 1వ తేదీన జర్మనీ దేశమున బ్రాండెన్‌బర్గ్ సీమలోని లినోవ్ అను పల్లెటూర జన్మించెను. ఆయనకు విశ్వవిద్యాలయపు చదువు లేదు. బెర్లిను నగరము చెంత, సూక్ష్మములైన పరికరములను తయారుచేయు ఒక కర్మశాలలో శిష్యుడుగా చేరి చేతిపని నేర్చుకొనెను. ఇత్తడిని, ఉక్కును వెండ్రుకవాసి తేడా లేకుండ మలచుట, చిన్న మరలను చిన్న చక్రములను ఒకదానితో నొకటి పొందుపరచుట ఆయన విద్య. ఆ విద్యయే కడవరకును ఆయనకు అన్నము పెట్టెను. 1902వ సంవత్సరమున ఆయన యేనా పట్టణమున కటకములకు ప్రసిద్ధికెక్కిన జైస్ కర్మాగారములో పనికి కుదిరెను.

యేనాకు దాపున థురింగియా అడవులు కలవు. సెలవుదినములలో ఆ కొండబాటల వెంట తిరుగుచు ఛాయాచిత్రములు తీయుట బార్నాక్‌కు ప్రియమైన పని. కాని ఆ కాలపు కెమెరా యనగా నేమి? 13 సెంటీమీటర్ల వెడల్పును 18 సెంటీమీటర్ల పొడవును గల గాజుపలకలను గ్రహించు పెట్టె, ఆ పలకలకు జంటయొరలు, నిలబెట్టుటకు ముక్కాలిపీట. ఈ బరువునంతటిని తోలుసంచిలో పెట్టి భుజమున వ్రేలాడదీసికొని కొండ యెక్కవలయును. మన దేశమునందును అదే స్థితి. నిజాము ఆస్థానమున ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదున చిత్రశాల నడపిన రాజా దీనదయాళ్ గారు 1905లో దివంగతులైరి. వారు కోటలను, దేవాలయములను, వేట విడుదులను చిత్రించినది ఇట్టి పెద్ద పలకలమీదనే. అట్టివారికి సామాను మోయుటకు మనుష్యులు ఉందురు. జీతముమీద బ్రతుకు పనివానికి కూలివాండ్రెక్కడివారు? అందులోను బార్నాక్ ఉబ్బసపు రోగి. పది యడుగులు ఎక్కినంతనే ఊపిరి అందక నిలబడిపోవువాడు.

అట్టివాడు రెండు విధములుగా ఆలోచింపవచ్చును. ఈ వినోదము నాకు తగదని విడిచిపెట్టవచ్చును. లేదా, బరువు నాకు తగినట్లుగా తగ్గవలయునని పట్టుపట్టవచ్చును. బార్నాక్ రెండవ త్రోవ తొక్కెను. చిన్న చిత్రమును తీసి, పిమ్మట దానిని పెద్దదిగా చేసికొన్నచో పెద్ద కెమెరాతో పని యేమియని ఆయనకు తోచెను. 1905వ సంవత్సర ప్రాంతమున ఒకే గాజుపలకమీద అనేకమైన చిన్న చిత్రములు పడునట్లు ఒక ఉపాయము చేసి చూచెను. అది ఫలింపలేదు. ఆనాటి పలకలమీది పూత ముతకది. చిత్రమును పెంచగా రూపురేఖలు కనబడుటకు మారుగా ఇసుక చల్లినట్లు పలుకులు కనబడెను. తలంపు మంచిదే, దానికి తగిన పదార్థము ఇంకను చేతికి రాలేదు. ఆయన ఆ తలంపును మనసులో దాచుకొని ఊరకుండెను.

1911వ సంవత్సరమున ఆయన బ్రతుకు మలుపు తిరిగినది. వెట్జ్‌లర్ అను చిన్న పట్టణమున సూక్ష్మదర్శినులను చేయు లైట్జ్ వారి కర్మాగారము కలదు. యేనాలో తనతో పనిచేసిన ఎమిల్ మెఖావ్ అను మిత్రుడు అంతకుముందే అచట చేరి, బార్నాక్ నేర్పును గురించి యజమానులకు తెలిపెను. లైట్జ్ వారు ఆయనను పిలిపించి, క్రొత్త పరికరములను పరీక్షించి నిర్మించు శాఖకు పెద్దను చేసిరి. అచట ఆయనకు సినిమా ఫిల్ముతో పరిచయమైనది. చలనచిత్రములు తీయు కెమెరా నొకదానిని ఆయన నిర్మించెను. ఆ ఫిల్ము 35 మిల్లీమీటర్ల వెడల్పుగల పొడవైన పట్టె, ఇరుప్రక్కల రంధ్రములుండును, పలుకు సన్నము. పూర్వము గాజుపలకమీద విఫలమైన తలంపునకు తగిన పదార్థము ఇదియేయని ఆయన గ్రహించెను. సినిమా ఫిల్ము చెడిపోకుండ ముందుగా వెలుతురును పరీక్షించుకొనుటకే ఆ చిన్న పెట్టెను చేసెనని కూడ కొందరు చెప్పుదురు.

సినిమాలో ఒక్కొక్క చిత్రము 18 మిల్లీమీటర్ల ఎత్తును 24 మిల్లీమీటర్ల వెడల్పును గలది. ఫిల్ము పైనుండి క్రిందికి నడచును. బార్నాక్ ఆ ఫిల్మును అడ్డముగా నడపించి, రెండు చిత్రముల చోటును ఒక్క చిత్రమునకు ఇచ్చెను. ఆ విధముగా 24 మిల్లీమీటర్ల ఎత్తును 36 మిల్లీమీటర్ల వెడల్పును గల చిత్రము ఏర్పడినది. నూరేండ్లు దాటినను ఆ కొలత నశింపలేదు. నేటి డిజిటల్ కెమెరాలలో నిండు చట్రము అని పిలువబడునది ఆ కొలతయే. ఈ పద్ధతి ననుసరించి 1913, 1914 సంవత్సరములలో ఆయన తన చేతితో మొదటి చిన్న కెమెరాను చేసెను. అరచేతిలో పట్టును, కోటుజేబులో ఇముడును, ముక్కాలిపీట అక్కరలేదు. ఉబ్బసపు రోగి ఇక నిశ్చింతగా కొండ యెక్కవచ్చును.

ఆయన ఆ కెమెరాను చూచి మురిసి పెట్టెలో దాచలేదు, వీథిలోనికి తీసికొనిపోయెను. 1914వ సంవత్సరము ఆగస్టు నెలలో మహాసంగ్రామము మొదలైనప్పుడు, సైన్యమును సమకూర్చు ప్రకటనను గోడకంటించిన సైనికుని వెట్జ్‌లర్ వీథిలో చిత్రించెను. 1920లో వరదనీరు ఆ పట్టణపు వీథులలో ప్రవేశించినప్పుడు ఆ నీటినడుమ మసలు జనులను చిత్రించెను. పెద్ద పెట్టెను నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకొని, జనులను కదలవద్దని వేడుకొనుటకు అట్టి సమయములలో వీలుండునా? చేతిలో నుండు కెమెరా ఎందులకు పనికివచ్చునో ఆ చిత్రములే మొదట చూపినవి.

యుద్ధముచేత ఆ కెమెరా పని పదేండ్లు నిలిచిపోయెను. యుద్ధానంతరము జర్మనీ దేశమున ద్రవ్యము విలువ చెడెను. 1923వ సంవత్సరము నవంబరులో ఒక్క అమెరికా డాలరునకు నాలుగు లక్షల కోట్లకు పైబడిన మార్కులు ఈయవలసివచ్చెను. అట్టి దినములలో, అదే సంవత్సరమున, లైట్జ్ వారు పరీక్షార్థము ఇరువదికి పైచిలుకు కెమెరాలను చేయించి, ఛాయాచిత్రకారులకును వర్తకులకును చూపిరి. వారి యభిప్రాయములు ఒక్క తీరున లేవు; చాలమందికి అది మరీ చిన్నదిగా తోచెను. తపాలా బిళ్లను పోలిన చిత్రముతో వృత్తి నడపుట యెట్లని వారి శంక.

1924వ సంవత్సరము జూను నెలలో కర్మాగారపు పెద్దలు సభచేసి కొన్ని గంటలు వాదించిరి. సూక్ష్మదర్శినులకు గిరాకి పడిపోయినది. పనివారికి పని చూపవలయును. క్రొత్త సరకు అమ్ముడుపోకున్నచో ఉన్నదియు పోవును. వద్దనువారే యెక్కువమంది. తుదకు యజమానియైన రెండవ ఎర్నస్ట్ లైట్జ్, బార్నాక్ కెమెరాను తయారుచేయవలసినదేయని నిశ్చయించెను. ఈ యజమాని ధైర్యమునుగూర్చి మరియొక సంగతి చెప్పక తప్పదు. 1930ల దశకమున హిట్లరు ప్రభుత్వము యూదులను హింసింప నారంభించినప్పుడు, లైట్జ్ కుటుంబమువారు అనేకులైన యూదులకు పని నేర్పి, విదేశములకు పంపి, ప్రాణములు కాపాడిరి.

1925వ సంవత్సరము వసంతకాలమున లైప్‌జిగ్ నగరపు వర్తక ప్రదర్శనములో ఆ కెమెరా లోకమునకు వెల్లడియైనది. లైట్జ్ వారి కెమెరా గావున దానికి లైకా యని పేరిడిరి. మాక్స్ బెరెక్ అను విద్వాంసుడు లెక్కకట్టిన 50 మిల్లీమీటర్ల కటకము దానికి అమర్పబడెను. చిన్న చిత్రమును పెంచినను చెడకుండుట ఆ కటకము గొప్పదనము. బార్నాక్ పెట్టెయు బెరెక్ కటకమును కలిసినప్పుడే ఆ కెమెరా సార్థకమైనది.

మా చదువరులడిగిన ఆ రెండు సాధనములలో ఒకటియు మొదటి లైకాలో లేదు. తీయబోవు వస్తువు ఎన్ని యడుగుల దూరమున నున్నదో కంటితో అంచనా వేసి, కటకముచుట్టు నున్న అంకెలపై ఆ దూరమును పెట్టవలయును. లేదా, దూరమును కొలుచు విడి సాధనమును కెమెరా నెత్తిన తగిలించి, అది చూపిన అంకెను కటకమునకు మార్చుకొనవలయును. ఈ లోపల ఎగురుచున్న పిట్ట ఎగిరిపోవును. నవ్వుచున్న బిడ్డ ముఖము మార్చుకొనును. 1932లో వచ్చిన రెండవ లైకాలో ఈ లోపము తీరినది. దూరమాపకమును కెమెరాలోపలనే యుంచి, దానిని కటకముతో కలిపివేసిరి. అదే సంవత్సరమున జైస్ ఐకాన్ వారి కాంటాక్స్ కెమెరాయు అట్టి యమరికతోనే వచ్చి లైకాతో పోటీపడెను.

ఈ దూరమాపకము పనిచేయు విధము విద్యార్థులు తెలిసికొనదగినది. ఒక కన్ను మూసికొని సూదిలో దారమెక్కింప ప్రయత్నింపుడు. ఎంత కష్టమో తెలియును. మన రెండు కన్నులు కొంత యెడముగా నుండి ఒకే వస్తువును రెండు కోణములనుండి చూచుటచేతనే దూరము మనకు తెలియుచున్నది. దూరమాపకమునకును ఇట్లే రెండు కిటికీలుండును. ఒక కిటికీవెనుక సగము వెలుతురును పోనిచ్చు అద్దము. రెండవదానివెనుక కదలెడు అద్దము లేక పట్టకము. కెమెరాలో చూచినప్పుడు నడుమ ఒకే వస్తువు రెండు బొమ్మలుగా కనబడును. కటకమును త్రిప్పగా ఒక బొమ్మ జరుగుచు వచ్చి రెండవదానిలో కలిసిపోవును. కలిసిన క్షణమున కటకము సరియైన దూరమున నిలిచియుండును. మీరు త్రిభుజముల పాఠమున చదివిన సంగతియే ఇది. రెండు కిటికీల నడుమ దూరము భూమి, వస్తువు శీర్షము. భూమి యెంత పొడవైన కొలత అంత నిక్కము.

ఇక కాంతిమాపకము. ఫిల్ముమీద పడు వెలుతురు ఎసటి నీటివంటిది. తక్కువైన అన్నము పలుకగును, ఎక్కువైన చిమిడిపోవును. కటకమునందలి ద్వారము ఎంత తెరచితిమి, షట్టరు ఎంతసేపు తెరచితిమి యనునవి రెండును కలిసి ఆ కొలతను నిర్ణయించును. వంటలో ఆరితేరిన అవ్వ వ్రేలు ముంచి ఎసరు చూచునట్లు, బార్నాక్ కాలపు ఛాయాచిత్రకారులు ఆకసమును చూచియు, పట్టికలను చూచియు అంచనా వేసెడివారు. 1930ల తొలినాళ్లలో సెలీనియమను పదార్థముతో చేసిన విద్యుత్ మాపకములు అంగళ్లకు వచ్చెను. సెలీనియముమీద వెలుతురు పడినచో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తు ఒక ముల్లును కదలించును. ముల్లు నిలిచిన అంకెనుబట్టి ద్వారమును కాలమును నిర్ణయింపవచ్చును. దీనికి బ్యాటరీతో పనిలేదు.

కాంతిమాపకమును దూరమాపకపు కెమెరా నెత్తిన శాశ్వతముగా అమర్చిన మూడవ కాంటాక్స్ 1936వ సంవత్సరమున వెలువడెను. ఆ సంవత్సరమే, జనవరి 16వ తేదీన, బాడ్ నౌహైమ్ అను ఊర బార్నాక్ పరమపదించెను. ఆయన వయస్సు ఏబదియారేండ్లు. ఆయన కెమెరా వంశమున దూరమాపకము గలదానికి లోపలి కాంతిమాపకము కలుగుటకు 1971వ సంవత్సరమున లైకా ఎం 5 వచ్చువరకు ఆగవలసివచ్చెను. చేతిలో విడి మాపకముగాని, అలవాటుపడిన కన్నుగాని ఉన్నచో పని జరుగునని అంతకాలము ఎందరో ఋజువుచేసిరి.

బార్నాక్ కెమెరా బరువును తగ్గించెను గాని దాని వెలను తగ్గింపలేకపోయెను. లైకా ఎన్నడును బీదవాని వస్తువు కాలేదు. ఆ పని ఇతర దేశములలో ఇతరులు చేసిరి. వారిలో మొదటివారు మన విద్యార్థుల యీడువారగుట విశేషము. ఉక్రెయిన్ దేశమున ఖార్కివ్ నగరమున, విప్లవములోను అంతర్యుద్ధములోను దిక్కులేనివారైన పిల్లలకై 1927లో ఒక ఆశ్రమము నెలకొల్పబడెను. అంతోన్ మకరెంకో అను ఉపాధ్యాయుడు దానిని నడిపెను. పిల్లలు సగము దినము చదువుచు, సగము దినము పనిచేయుచు మొదట విద్యుత్తుతో నడచు బరమాలను చేసిరి. 1934 మొదలుకొని లైకాను విప్పి చూచి, దానిని పోలిన కెమెరాలను చేసిరి. సోవియట్ రహస్య పోలీసుశాఖ మొదటి అధిపతియైన ఫెలిక్స్ జెర్జిన్‌స్కీ పేరిట ఆ ఆశ్రమము వెలసినందున, ఆయన పేరులోని మొదటి యక్షరములతో దానికి ఫెడ్ అను పేరు కలిగెను. ఇతరుల పనితనమును అనుమతి లేక అనుకరించుట మెచ్చదగినది కాదు. కాని వీథులలో తిరిగిన పిల్లలు అంతటి సున్నితపు పనిని నేర్చిరనుట మరువదగినదియు కాదు. తరువాతి కాలమున, 1964లో వచ్చిన ఫెడ్ 4లో దూరమాపకమును, సెలీనియపు కాంతిమాపకమును రెండును కలవు.

జపాను దేశమువారు ఈ పనిని మరింత ముందునకు నడిపిరి. 1961వ సంవత్సరము జనవరిలో క్యానన్ కంపెనీవారు క్యానోనెట్ అను కెమెరాను 18,800 యెన్‌లకు అమ్మిరి. కటకముచుట్టు వలయముగా సెలీనియపు మాపకము, దూరమాపకము, వెలుతురునుబట్టి ద్వారమును తానే అమర్చుకొను నేర్పు దానికి కలవు. 1966లో యాషికా ఎలెక్ట్రో 35 వచ్చెను. 1970లో చేతిలో ఒదుగునంతటి ఒలింపస్ 35 ఆర్‌సి వచ్చెను. 1972లో క్యానోనెట్ క్యూఎల్ 17 జి 3 వచ్చెను. వీనికి లైకావలె కటకములను మార్చు వీలులేదు. కాని ఒక కటకముతో పనిచేయ నేర్చువానికి అది లోపము కాదు.

ఇక ఎన్నుకొను విధమును చెప్పెదము. ఇవన్నియు నేడు ఒకరు వాడి విడిచినవే దొరకును గావున, పేరునుబట్టి కాక చేతిలోని వస్తువునుబట్టి ఎన్నుకొనుడు.

మొదట షట్టరును చూడుడు. అన్ని వేగములలోను నొక్కి వినుడు. నెమ్మది వేగమునకును త్వరిత వేగమునకును చెవికి భేదము తెలియవలయును. నూనె యెండి రేకులు అంటుకొన్నచో బాగుచేయించు ఖర్చు కెమెరా వెలను మించవచ్చును.

రెండవది దూరమాపకము. దూరపు తాటిచెట్టునో, గోపురమునో చూచి కటకమును అనంతపు గుర్తుపై పెట్టుడు. రెండు బొమ్మలు ఒక్కటి కావలయును. పిదప ఒక మీటరు దూరమును టేపుతో కొలిచి అచట పుస్తకమునుంచి చూడుడు. నడుమనుండు పసుపుచుక్క వెలిసి బొమ్మ కనబడకున్నచో, సంజవేళ అది యెందులకును పనికిరాదు.

మూడవది కాంతిమాపకము. దీనిని పరీక్షించుటకు మన యెండయే సాధనము. మబ్బులేని మధ్యాహ్నమున, 100 వేగముగల ఫిల్మునకు, ద్వారము 16వ అంకెపైనను, షట్టరు సెకనులో నూరవ వంతునకు దగ్గరగాను ఉండవలయునని పాత నియమము. మాపకము చెప్పునది దీనికి చేరువగా నున్నచో నమ్మవచ్చును. సెలీనియపు మాపకములు ఏండ్లు గడచినకొలది బలహీనపడును. అట్టివి మూత వేసి చీకటిలో దాచినవైనచో మేలు. క్యానోనెట్ జి 3 వంటి తరువాతివానిలో కాడ్మియం సల్ఫైడు కన్ను ఉండును. దానికి బ్యాటరీ కావలయును. అవి 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీలకై చేయబడినవి. పాదరసము విషమగుటచేత 1990ల నుండి అవి అంగళ్లలో మాయమైనవి. చెవిటివారి యంత్రములలో వాడు జింకు–గాలి బ్యాటరీలు వానికి దాదాపు సరిపోవును గాని, ఎక్కువకాలము మన్నవు. 1.5 వోల్టుల సాధారణపు బ్యాటరీ వేసినచో కొన్నింటిలో కొలత తప్పును.

బ్యాటరీ తీసివేసినప్పుడు కెమెరా పనిచేయునా యనునది తప్పక అడుగవలసిన ప్రశ్న. ఫెడ్ 4 ఎప్పుడును పనిచేయును. జి 3యు, ఒలింపస్ ఆర్‌సియు మాపకము లేకున్నను మన చేతి అమరికతో నడచును. యాషికా ఎలెక్ట్రో మాత్రము బ్యాటరీ లేనిచో సెకనులో 500వ వంతు వేగము నొక్కదానినే యిచ్చును. ఉన్నప్పుడును కాలమును తానే నిర్ణయించును. సుళువుగా చిత్రములు కావలయునన్నవానికి అది తగును. వెలుతురును గూర్చి నేర్చుకొనవలయునన్న విద్యార్థికి మొదటి మూటిలో నొకటి మేలు.

నాలుగవది కటకము. దానిగుండ దీపమును చూచినచో సాలెగూటివంటి బూజు కనబడరాదు. మన సముద్రతీరపు చెమ్మలో ఆ బూజు త్వరగా వ్యాపించును. కెమెరాను తోలుసంచిలో మూసి మూలపెట్టక, చెమ్మ పీల్చు సిలికా జెల్ పొట్లముతో మూతబిగువైన డబ్బాలో నుంచుడు.

తలిదండ్రులకొక మాట. కెమెరా వెల ఒక్కసారి యిచ్చునది. ఫిల్మునకును, దానిని కడిగించుటకును అగు ఖర్చు మరల మరల వచ్చునది. లెక్క చూచుకొని రెండవదానికి కొంత మిగుల్చుడు. వెలపెట్టి కొని బీరువాలో నుంచుటకంటె, తక్కువవెల కెమెరా కొని నెలకొక ఫిల్ము పూర్తిచేయించుట మేలు. ఇంటిలో తాతగారి నాటి కెమెరా యున్నచో మొదట దానినే బాగుచేయించి చూడుడు.

విద్యార్థులకొక మాట. మాపకము చెప్పినదెల్ల వేదము కాదు. అది తన యెదుట నున్న వెలుతురునంతటిని కలిపి సగటు చెప్పును. తెల్లసున్నము వేసిన గోడముందు నిలిచిన నల్లనివాని ముఖము, ఆ సగటును నమ్మినచో, మసియగును. అట్టిచోట ముఖము దగ్గరకు పోయి కొలిచి, వెనుకకు వచ్చి చిత్రము తీయవలయును. ఏ చిత్రమునకు ఏ ద్వారము, ఏ కాలము పెట్టితిరో చిన్న పుస్తకమున వ్రాసికొనుడు. ముప్పదియారు చిత్రములు కడిగివచ్చిన నాడు ఆ పుస్తకమే మీకు గురువగును. కొంతకాలమునకు మాపకము చూడకమునుపే అంకె మీ మనసునకు తోచును. అప్పుడు అది మీకు యజమాని కాక సాక్షి యగును.

2022వ సంవత్సరమున బార్నాక్ స్వయముగా వాడిన కెమెరా, 1923లో పరీక్షార్థము చేసినవానిలో నొకటి, వేలములో ఒక కోటి నలుబదినాలుగు లక్షల యూరోలకు అమ్ముడుపోయెను. అందులో దూరమాపకము లేదు, కాంతిమాపకమును లేదు. అంత ధనమిచ్చి కొన్నవారు దానితో కొండయెక్కి చిత్రములు తీయుదురని మేమనుకొనము. బార్నాక్ దానిని చేసికొన్నది మాత్రము తీయుటకే. తన ఊపిరి ఎంతటిదో ఎరిగి, దానికి సరిపోవు బరువును ఆయన కొలుచుకొనెను. మీరును మీ చేతిలోని పైకమెంత, మీరు తీయదలచినదేమి, మోయగలిగినదెంత యని మొదట కొలుచుకొనుడు. తదుపరి అంగటికి పొండు. ఎన్నుకొన్న కెమెరా యేదైనను దానిని వీథిలోనికి తీసికొనిపొండు. మీ అవ్వ ముఖమును, మీ ఊరి చెరువుగట్టును, తుపాను వెలిసిన మరునాటి యుదయమును అందులో నిలుపుడు.